హిట్లర్ ఉపన్యాసాన్ని విప్పి చూసిన క్లాసు: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

కోనసీమలో డిగ్రీకి వచ్చే పిల్లలకి హిట్లర్ కొత్త కాదు. స్కూల్లోనే సోషల్‌లో నాజీయిజం గురించి చదివే వస్తారు. అరవై లక్షల మంది యూదుల్ని చంపించాడనీ, రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిపెట్టాడనీ తెలుసు. అయినా క్లాసులో ఆ పేరు ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అంటారు: "దుర్మార్గుడే సార్, ఒప్పుకుంటాం. కానీ ఏం మాట్లాడేవాడండీ! మాటతోనే దేశాన్ని లాగేసుకున్నాడు."

నిజంగా మాటతోనే లాగేసుకున్నాడా? ఈ కేస్ స్టడీ ఆ ప్రశ్న గురించి. నేను డెల్టాలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. బి.ఏ. సెకండియర్‌కి ఆధునిక ఐరోపా పేపర్ చెప్పేటప్పుడు హిట్లర్ ఉపన్యాసం ఒక్కటి తీసుకుని, దాని చుట్టూ ఉన్నవన్నీ విప్పి చూశాం. ఏం చేశామో, పిల్లలు ఏం పట్టుకున్నారో, ఎక్కడ నాతో ఒప్పుకోలేదో రాస్తున్నాను. ఇదే పాఠం చెప్పే మిగతా టీచర్లకి పనికొస్తుందని ఆశ.

నోరున్నవాడు దేశాన్ని లాగేసుకుంటాడన్న నమ్మకం, హిట్లర్ మీద అభిమానం కన్నా నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. ఆ నమ్మకంలో ఇద్దరే మనుషులు ఉంటారు: మాట్లాడినవాడు, విని మోసపోయిన జనం. ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టినవాడు, చెక్కు రాసిచ్చినవాడు, పోలీసుల్ని పంపినవాడు, కుర్చీ చూపించి కూర్చోమన్నవాడు, వీళ్లంతా కథలోంచి మాయమైపోతారు. నేను ఈ క్లాసు పెట్టుకున్నది వాళ్లని మళ్లీ కథలోకి తీసుకురావడానికి.

మొదలు ఎక్కడంటే

కాలేజీలో వక్తృత్వ పోటీ జరిగింది. సెకండియర్ అబ్బాయి ఒకడు ప్రపంచ ప్రసిద్ధ వక్తలు అనే అంశం ఎంచుకుని హిట్లర్‌ని అనుకరించాడు. మైకు ముందు చేతులు కట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. హాలు నిశ్శబ్దం అయ్యాక మెల్లగా మొదలుపెట్టి, చివరికి పిడికిలి ఊపుతూ అరిచాడు. హాలు దద్దరిల్లింది. పిల్లాడిలో టాలెంట్ ఉంది, అందులో సందేహం లేదు. తండ్రి కౌలు రైతు, ఇంట్లో పుస్తకాలు లేవు. హిట్లర్ గురించి అతనికి తెలిసిందంతా ఫోన్లో చూసిన రీల్స్ నుంచే. వాటిలో కింద ఇంగ్లీష్ అక్షరాలు, వెనక సినిమా మ్యూజిక్, మధ్యలో గొంతు. ఎప్పటి ఉపన్యాసం, ఎక్కడిది, ఎవరికి చెప్పాడు, ఏమీ ఉండదు.

మర్నాడు క్లాసులో ఆ అబ్బాయిని తప్పు పట్టలేదు. "నువ్వు చేసి చూపించింది ఏ ఉపన్యాసమో కనుక్కుందాం, అందరం కలిసి" అన్నాను. రీల్‌లో కనిపించిన హాలు, బ్యానర్లు, దుస్తులు చూసుకుంటూ వెతికితే అది రకరకాల ఉపన్యాసాల్లోంచి కత్తిరించి అతికించిన వీడియో అని తేలింది. నిలబడి మౌనంగా చూడటం ఒకచోటిది, పిడికిలి ఊపడం ఇంకోచోటిది. దాన్ని పక్కన పెట్టి, తేదీ, స్థలం, పూర్తి పాఠం దొరికే ఉపన్యాసం ఒకటి తీసుకున్నాం. 1933 ఫిబ్రవరి 10న బెర్లిన్‌లో స్పోర్ట్‌పలాస్ట్ అనే పెద్ద హాల్లో ఇచ్చింది. అప్పటికి అతను ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) అయి పదకొండు రోజులు.

అర్థం తెలియని గొంతు

ముందు రికార్డు వినిపించాను. జర్మన్ ఎవరికీ రాదు. ప్రతి ఒక్కరి చేతికీ తెల్లకాగితం ఇచ్చి, గొంతు పెరిగితే గీత పైకి, తగ్గితే కిందికి గీయమన్నాను. జనం హోరు వినిపించిన చోట చుక్క పెట్టాలి.

కాగితాలన్నీ బల్ల మీద పరిస్తే అన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. మొదట్లో గీత నేల మీదే పాకుతుంది. లేచి, పడి, మళ్లీ ఇంకాస్త ఎత్తుకి లేస్తుంది. చుక్కలు మొదట్లో దూరం దూరంగా, చివర్లో దగ్గర దగ్గరగా. "అర్థం తెలీకపోయినా నాకు చప్పట్లు కొట్టాలనిపించింది సార్" అని ముందు బెంచీ అమ్మాయి నిజాయితీగా చెప్పింది. ఆ మాటని నేను కొట్టిపారేయలేదు. గొంతుకి ఒళ్లు స్పందిస్తుంది. అది హిట్లర్‌కీ బాగా తెలుసు. ఫొటోగ్రాఫర్ హైన్రిక్ హాఫ్‌మన్ చేత తన చేతుల కదలికల్ని ఫొటోలు తీయించుకుని చూసుకునేవాడు. 1932లో వరస సభలతో గొంతు దెబ్బతింటే పాల్ డెవ్రియెంట్ అనే ఒపెరా గాయకుడి దగ్గర శిక్షణ తీసుకున్నాడు. పూనకం వచ్చినట్టు కనిపించేది చాలావరకు సాధన చేసిన పని.

తర్వాత పాఠం చదివాం. ఇంగ్లీష్ అనువాదం నుంచి పిల్లలే గుంపులుగా తెలుగు చేశారు. ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది. ఎక్కువ భాగం 14 ఏళ్ల పాలన మీద నింద. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన 1918 నవంబర్ నుంచి దేశాన్ని పాడుచేశారంటూ, మీ పార్టీలు ఏం చేశాయో చెప్పండని నిలదీయడం. మరి తను ఏం చేస్తాడు? చవకబారు హామీలు ఇవ్వనంటాడు. జర్మన్ ప్రజలారా, నాలుగేళ్లు గడువివ్వండి, ఆ తర్వాత మాకు తీర్పు చెప్పండి అంటాడు. చివర్న ప్రార్థనలా ఘనత, గౌరవం, శక్తి, మహిమ అంటూ పోయి "ఆమెన్" అని ముగిస్తాడు.

అనువాదం చేసిన గుంపులో ఒకడు విసుక్కున్నాడు. "సార్, ఉద్యోగాలు ఎలా ఇస్తాడో ఒక్క లైను కూడా లేదు. మా పంచాయతీ ఎలక్షన్లో సర్పంచ్ క్యాండిడేట్ కూడా డ్రైనేజీ ఎక్కడ కడతాడో చెప్తాడు." ఈ మాటకి క్లాసంతా నవ్వింది గానీ, ఆ పూట జరిగిన పనిలో అదే ముఖ్యమైనది. దేశంలో అరవై లక్షల మంది నిరుద్యోగులు ఉన్నప్పుడు ఛాన్సలర్ మాట్లాడుతూ పని ఎలా వస్తుందో చెప్పకుండా తప్పించుకున్నాడు. తప్పించుకోవడాన్నే నిజాయితీగా చూపించాడు: అబద్ధపు హామీలు ఇవ్వని మనిషినని. కాగితం మీద గీసిన గీతలో ఈ సంగతి ఎక్కడా కనపడదు. గీత ఎత్తుగా లేచిన చోట పాఠంలో అర్థం చాలా పలచగా ఉందని పిల్లలే పక్కపక్కన పెట్టి చూశారు.

మైక్ సెట్ బాబాయ్ చెప్పింది

ఊళ్లో తీర్థాలకీ పెళ్లిళ్లకీ ఎన్నికల సభలకీ మైక్ సెట్లు కట్టే ఆయన ఒకాయన ఉన్నారు. పిల్లలంతా బాబాయ్ అంటారు. ఆయన్ని క్లాసుకి పిలిచాను. హిట్లర్ గురించి ఏమీ అడగలేదు. సభ ఎలా కడతారో చెప్పమన్నాను.

"ఆయ్, చెప్తానండి మేష్టారూ. సభ ఎప్పుడూ పొద్దువాలాకేనండి. పొలం పని అయ్యి, స్నానం చేసొచ్చి, కాస్త తిని కూర్చునే టైము. పొద్దుట పెడితే మనిషి లెక్కలేస్తాడండి. చీకటి పడ్డాక లైట్లన్నీ స్టేజీ మీదే ఉంటాయి. వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నా కనపడవు."

హారన్ల గురించి అడిగితే చేత్తో గాల్లో గీసి చూపించారు. "అన్నీ స్టేజీ దగ్గరే కడితే వెనకోడు లేచి వెళ్లిపోతాడండి. వెనక కొబ్బరిచెట్టుకి ఒకటి, ఆ చివర కరెంటు స్తంభానికి ఒకటి. వెనకోడికి నా చెవిలోనే చెప్తున్నాడు అనిపించాలి. ముందు పాటలు. తర్వాత చిన్న నాయకులు. పెద్దాయన లేటుగానే వస్తారండి. లేటైతేనే కదండీ మెడలు చాచి చూసేది!"

ఆయన వెళ్లాక, తన పుస్తకం మైన్ కాంఫ్‌లో ఉపన్యాసాల గురించి హిట్లర్ రాసిన భాగం చెప్పాను. ఒకే మనిషి, ఒకే విషయం మీద మాట్లాడినా, పొద్దున పది గంటలకి ఒకలా, సాయంత్రం ఇంకోలా పనిచేస్తుందని రాశాడు. పగలు మనిషి మనసు ఎదురు తిరుగుతుంది, రాత్రికి లొంగుతుంది అన్నది అతని లెక్క. ఒక ఆదివారం పొద్దున పెట్టిన సభ చప్పగా తేలిపోయిందని తనే చెప్పుకున్నాడు. మైక్ సెట్ బాబాయ్ మాటలు విని వచ్చిన పిల్లలకి ఇది వివరించాల్సిన అవసరం రాలేదు.

స్పోర్ట్‌పలాస్ట్ సభకి మరొకటి తోడైంది. అంతకుముందు ప్రతిపక్షంలో ఉండగా నాజీలకి రేడియో దాదాపు అందనేలేదు. ఛాన్సలర్ అయ్యాక ఆ రాత్రి ఉపన్యాసం రేడియోలో వెళ్లింది. హిట్లర్ మొదలుపెట్టకముందే నాజీల ప్రచారం చూసే గోబెల్స్ మైకు పట్టుకుని హాలు ఎలా నిండిపోయిందో, జనం ఎలా ఎదురుచూస్తున్నారో ఇళ్లలో వింటున్నవాళ్లకి వర్ణించాడు. మార్చిలో జరగబోయే ఎన్నికల ప్రచారంలో రేడియో స్టేషన్ ఉన్న నగరాల్లోనే హిట్లర్ సభలు పెట్టారు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవాడికి గొంతుతో పాటు వేలమంది హోరు కూడా చేరింది. మా కాగితాల మీద పిల్లలు పెట్టిన చుక్కలు అవే. ఆ ఏడాది ఆగస్టులోనే 76 మార్కుల చవక రేడియో మార్కెట్లోకి వచ్చింది. దానికి పెట్టిన మోడల్ నంబరు 301. జనవరి 30న అధికారంలోకి వచ్చినందుకు గుర్తు.

బోర్డు మీద అంకెలు

పిల్లల్లో చాలామందికి ఒక వరస బుర్రలో స్థిరపడిపోయింది: మొదటి ప్రపంచ యుద్ధం ఓడాక జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ ఒప్పందం, నోట్ల కట్టలు బండిలో వేసుకుని రొట్టె కొనడం, హిట్లర్ ఉపన్యాసం, అధికారం. పరీక్షల్లోనూ ఇలాగే రాస్తారు. దీన్ని సరిచేయడానికి నాకు అంకెలు తప్ప వేరే దారి కనపడలేదు. నాజీ పార్టీకి పార్లమెంటు ఎన్నికల్లో వచ్చిన ఓట్ల శాతం బోర్డు మీద రాశాను.

1928 మేలో 2.6. 1930 సెప్టెంబర్లో 18.3. 1932 జులైలో 37.3. 1932 నవంబర్లో 33.1.

నోట్ల కట్టల ద్రవ్యోల్బణం 1923లో. ఆ తర్వాత ఐదేళ్లకి కూడా పార్టీకి వచ్చింది 2.6 శాతం, 12 సీట్లు. అప్పటికే హిట్లర్ వేదికలెక్కడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లు. 1919 అక్టోబర్లో మ్యూనిక్‌లో 111 మంది ముందు పార్టీ వక్తగా మొదటిసారి మాట్లాడాడు. 1920 ఫిబ్రవరిలో హాఫ్‌బ్రాయ్‌హౌస్ బీరుహాల్లో రెండు వేల మంది. మ్యూనిక్‌లో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర విఫలమై 1924లో కోర్టు బోనులో నిలబడి, దాన్నీ వేదికలా వాడుకున్నాడు. అదే గొంతు, అవే మాటలు, ఓట్లు మాత్రం లేవు. కొన్నేళ్లు కొన్ని రాష్ట్రాల్లో మాట్లాడకుండా నిషేధం ఉన్న మాట నిజమే. బవేరియాలో 1927లో ఎత్తేశారు, ప్రష్యాలో 1928 ఎన్నికలయ్యాక. అయినా రెండేళ్లలో 2.6 నుంచి 18.3కి ఎగబాకడానికి కారణం గొంతు మారడం అయ్యుండదు.

"అయితే ఏం మారింది?" అని అడిగి ఊరుకున్నాను. ఆక్వా చెరువులున్న ఇంటి పిల్లాడు చెప్పాడు: "రేటు పడిపోయింది సార్." 1929 అక్టోబర్లో అమెరికా షేర్ మార్కెట్ కూలింది, జర్మనీకి అప్పులు ఆగిపోయాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పల్లెల్లో అంతకుముందే పంటల ధరలు దెబ్బతిన్నాయి. ఉత్తరాన ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రైతులు అప్పులు, పన్నులు, జప్తుల మీద 1928 నుంచే రోడ్డెక్కారు. 1932 జులైలో ఆ ప్రాంతంలో నాజీలకి 51 శాతం ఓట్లు పడ్డాయి. ఆ పల్లెల్లో చాలావాటికి హిట్లర్ వెళ్లనేలేదు. వెళ్లింది స్థానిక వక్తలు. ఫ్రిట్జ్ రైన్‌హార్ట్ అనే అతను పోస్టులో పాఠాలు పంపి శిక్షణ ఇచ్చే స్కూలు నడిపి, వేలమంది వక్తల్ని తయారుచేశాడు. రైతు సభలో ఏం చెప్పాలి, ఏ ప్రశ్నకి ఏ జవాబివ్వాలి అన్నీ అందులో ఉండేవి. సభకి టికెట్ పెట్టి, ఆ డబ్బుతో పార్టీ నడిపేవాళ్లు.

ఇక్కడ చర్చ మా నేల మీదికి వచ్చింది. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని క్రాప్ హాలిడే ప్రకటించి ఖరీఫ్ వేయలేదు. అప్పటికి వీళ్లంతా చిన్నపిల్లలు, తండ్రుల నోట విన్నారు. "అప్పుడు మనవాళ్ల దగ్గరికి ఇలాంటోడు వస్తే?" అని ఒకడు అడిగాడు. క్లాసు చాలాసేపు దీనిమీదే నడిచింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది, పేపర్లు రాశాయి, రైతు సంఘాలు గొంతెత్తాయి. కోపాన్ని తీసుకెళ్లి పెట్టడానికి చాలా చోట్లు ఉన్నాయి. 1930 తర్వాత జర్మనీలో పార్లమెంటు మెజారిటీ లేకుండా అధ్యక్షుడి ఆర్డినెన్సులతోనే పాలన సాగింది. రైతు తన కోపాన్ని పట్టుకెళ్లి పెట్టే చోట్లు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. మాటలు అలాంటి సమయంలో పనిచేస్తాయి. ఈ ముక్క నేను చెప్పాను. పిల్లల్లో కొందరు ఒప్పుకున్నారు, కొందరు లేదు. కోపం ఉన్నంత మాత్రాన పక్కవాణ్ని తన్నాలనిపించదు కదా, ఆ ద్వేషం నేర్పింది మాటలే కదా అని ఒక అమ్మాయి గట్టిగా నిలబడింది. ఆ అభ్యంతరం నాకు ఇప్పటికీ సబబుగానే అనిపిస్తుంది.

పరిశోధకులు ఈ ప్రశ్నని లెక్కలతో కూడా చూశారు. పీటర్ సెల్బ్, సైమన్ మున్‌జర్ట్ 1927 నుంచి 1933 వరకు హిట్లర్ మాట్లాడిన 455 సభల్ని తీసుకుని, సభ జరిగిన చోట్లలోనూ జరగని చోట్లలోనూ ఓట్లు పోల్చారు. తేడా చాలా స్వల్పం. 1932 ఏప్రిల్‌లో జరిగిన అధ్యక్ష ఎన్నిక రెండో రౌండులో మాత్రం కొంత ప్రభావం కనిపించింది. అది హిట్లర్ విమానంలో ఊరూరా తిరిగిన ప్రచారం, చాలా తక్కువ రోజులది. ఆ ఎన్నిక కూడా ఓడిపోయాడు, అప్పటి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌కి 53 శాతం వచ్చాయి.

పోటీలో హిట్లర్‌ని అనుకరించిన అబ్బాయికి ఈ ఫలితం మింగుడుపడలేదు. "సభకి రానోడు కూడా వచ్చినోడు చెప్తే వింటాడు కదా సార్. పేపర్లో చదువుతాడు కదా. రెండు ఊళ్లు పోల్చితే ఎలా తెలుస్తుంది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఉపన్యాసం ఊరి పొలిమేర దగ్గర ఆగదు. ఆ పరిశోధన చెప్పేది సభ పెట్టిన చోట ఓట్లు అదనంగా పెరగలేదనే. గొంతుకి అసలు శక్తే లేదని అది నిరూపించదు. ఈ హద్దు చెప్పకుండా ఆ లెక్కని క్లాసులో వాడకూడదు.

కానీ 1932 నవంబర్ అంకెని ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. జులై నుంచి నవంబర్ లోపు నాజీలు ఇరవై లక్షల ఓట్లు పోగొట్టుకున్నారు. ఆ నెలల్లో హిట్లర్ నోరు మూసుకుని ఏమీ కూర్చోలేదు. ఓట్లు తగ్గిన మూడు నెలల్లోపే ఛాన్సలర్ అయ్యాడు. ఎలాగంటే, మాజీ ఛాన్సలర్ పాపెన్, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమంది గదుల్లో కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. కేబినెట్‌లో హిట్లర్ కాక నాజీలు ఇద్దరే, ఫ్రిక్, గోరింగ్. కట్టుదిట్టంగా పెట్టుకున్నాం, మన చెప్పుచేతల్లోనే ఉంటాడు అనుకున్నారు. ఆ గదుల్లో మైకు లేదు.

తాడు మీద తేదీలు

క్లాసుకి ఆ చివర నుంచి ఈ చివరకి కొబ్బరి తాడు కట్టి, 1933 మొదటి మూడు నెలల తేదీలు అట్టముక్కల మీద రాసి బట్టల క్లిప్పులతో తగిలించాం. జనవరి 30, ఛాన్సలర్. ఫిబ్రవరి 4, సభల్నీ పత్రికల్నీ అడ్డుకునే అధికారం ఇచ్చే ఆర్డినెన్స్. ఫిబ్రవరి 10, స్పోర్ట్‌పలాస్ట్ ఉపన్యాసం. ఫిబ్రవరి 20, గోరింగ్ ఇంట్లో పారిశ్రామికవేత్తలతో సమావేశం, ఎన్నికల నిధి. ఫిబ్రవరి 22, ప్రష్యాలో నాజీ కార్యకర్తల్ని సహాయక పోలీసులుగా తీసుకోవడం. ఫిబ్రవరి 27, పార్లమెంటు భవనం తగలబడటం. 28, పౌరహక్కుల్ని రద్దు చేసిన ఆర్డినెన్స్. మార్చి 5, ఎన్నిక, 43.9 శాతం. మార్చి 23, పార్లమెంటుతో పనిలేకుండా ప్రభుత్వమే చట్టాలు చేసుకునే సర్వాధికారాల చట్టం.

ఫిబ్రవరి 4 అట్ట, ఫిబ్రవరి 10 అట్టకి ఎడమ పక్కన ఉండటం చూసి క్లాసు కాసేపు గొడవగొడవగా మాట్లాడుకుంది. ఉపన్యాసంలో "మీరేం చేశారో చెప్పండి" అని నిలదీస్తున్నది ఎవరిని? వారం కిందట నోరు కట్టేయడం మొదలుపెట్టిన పార్టీలని. జవాబు చెప్పాల్సినవాడి సభ ఆపేసి, పత్రిక మూయించి, తర్వాత దేశమంతా వినేలా అడగడం. రీల్‌లో వినిపించే గొంతు ఎంత ఎత్తుగా ఉన్నా, ఈ అట్టముక్క పక్కన పెడితే అది వేరేలా వినిపిస్తుంది. క్లాసులో ఒక్క పనికే సమయం ఉంటే ఇది చేయమని తోటి టీచర్లకి చెప్తాను.

తర్వాత ఒక్కో అట్ట తీసేసి, మిగతావి నిలబడతాయా అని వాదించుకోమన్నాను. ఉపన్యాసం తీసేసినా మిగతావి నిలబడతాయని ఎక్కువమంది అన్నారు. మార్చి 23 దగ్గర లెక్కలు బాగా వచ్చిన అమ్మాయి ఒకతి కూర్చుని లెక్కేసింది. మొత్తం 647 మంది సభ్యులు. అనుకూలంగా 444. వ్యతిరేకంగా 94, అంతా సోషల్ డెమొక్రాట్లు. కమ్యూనిస్టు సభ్యులు 81 మంది జైల్లోనో, అజ్ఞాతంలోనో. కాథలిక్కుల సెంటర్ పార్టీ ఓట్లు డెబ్బైకి పైగా. అవి లేకపోతే మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు వచ్చేవి కావు. చర్చి జోలికి రానని హామీలు తీసుకుని ఆ పార్టీ అనుకూలంగా ఓటేసింది.

ఆ రోజు అదే సభలో ఇంకో ఉపన్యాసం ఉంది. సోషల్ డెమొక్రాట్ల నాయకుడు ఓటో వెల్స్‌ది. పార్లమెంటు భవనం తగలబడ్డాక సభ జరుగుతున్న క్రోల్ ఒపెరా హాలు చుట్టూ, లోపల నాజీ దళాలు నిలబడి ఉండగా ఆయన లేచి మాట్లాడాడు. "స్వేచ్ఛనీ ప్రాణాన్నీ మా నుంచి తీసుకోగలరు, గౌరవాన్ని తీసుకోలేరు" అన్నాడు. అంతర్వేది వైపు నుంచి వచ్చే అమ్మాయి తెలుగులో చదివి వినిపించింది. పిల్లలకి అప్పటిదాకా ఈ పేరే తెలియదు. హిట్లర్ మళ్లీ వేదికెక్కి వెల్స్‌కి అక్కడికక్కడే వెటకారంగా, చురుగ్గా జవాబిచ్చాడు. వక్తగా అతని దిట్టతనం బాగా కనిపించే చోట్లలో అదొకటి. ఆ సంగతి దాచకుండా చెప్పాను. వెల్స్ పార్టీవాళ్లలో 26 మంది ఆ రోజు సభకి రాలేకపోయారు, అరెస్టయినవాళ్లు కొందరు, తప్పించుకు తిరుగుతున్నవాళ్లు కొందరు. జూన్‌లో పార్టీనే నిషేధించారు. జులై 14కల్లా దేశంలో నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది.

చెప్పనిది

ఈ పాఠంలో నన్ను బాగా టెన్షన్ పెట్టిన విషయం ఇది. ఫిబ్రవరి 10 ఉపన్యాసం అనువాదం చేశాక ఒక కుర్రాడు, "ఇందులో యూదుల మీద పెద్దగా ఏమీ లేదే సార్, అప్పటికి అంత ద్వేషం లేదేమో" అన్నాడు. ఒక్క ఉపన్యాసం మీద ఆధారపడి పాఠం చెప్తే ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకని వెంటనే 1920 నాటి పార్టీ 25 సూత్రాల కార్యక్రమం తెరిచాం. నాలుగో సూత్రం: ఏ యూదుడూ జర్మన్ పౌరుడు కాలేడు. అంటే పదమూడేళ్ల కిందటే కాగితం మీద ఉంది. 1932 జనవరిలో డ్యూసెల్‌డార్ఫ్‌లో పారిశ్రామికవేత్తల క్లబ్బులో సూటు వేసుకుని గంటలకొద్దీ మాట్లాడినప్పుడు యూదుల ప్రస్తావన తేలేదు. వినేవాళ్లకి ఏది రుచిస్తుందో అది వడ్డించి, మిగతాది వెనక్కి పెట్టాడు. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కరణ. 1935లో యూదుల పౌరసత్వం తీసేసిన న్యూరెంబర్గ్ చట్టాలు. 1939 జనవరి 30న పార్లమెంటులో, యుద్ధం వస్తే ఐరోపాలో యూదు జాతి నాశనమవుతుందని బాహాటంగా ప్రకటన.

ఇదంతా ఒకే గంటలో చెప్పేయకుండా ఉండలేకపోయాను. ప్రచారం అంటే గట్టిగా అరిచిన మాట ఒక్కటే అనుకుంటే, వాయిదా వేసుకున్న మాట తప్పించుకుపోతుంది. ఓట్ల కోసం పక్కన పెట్టిన మాట అధికారం రాగానే చట్టమై వచ్చింది.

పాల్ ఉపన్యాసం సంగతేంటి?

రాజమండ్రి నుంచి వచ్చే అమ్మాయి అడిగిన ప్రశ్నతో క్లాసు మలుపు తిరిగింది. 1907 ఏప్రిల్లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే గోదావరి జిల్లా యువత ఊగిపోయిందని మనమే గొప్పగా చెప్పుకుంటాం. ఆయన ఇంగ్లీషులో చెప్తుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో చెప్పారు. పిల్లలు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకి వెళ్లారు. "అది ప్రాపగాండా కాదా సార్? మనకి నచ్చింది కాబట్టి కాదంటున్నామా?"

ఆవేశం రెండిట్లోనూ ఉంది. నింద రెండిట్లోనూ ఉంది. గొంతు గీత గీయిస్తే బహుశా రెండూ దగ్గరగానే వచ్చేవేమో. తేడా కోసం మళ్లీ తాడు మీది అట్టల్లోనే వెతకమన్నాను. పాల్ వెనక పోలీసులు లేరు, ఆయన ఎదురుగా ఉన్నారు. ఉపన్యాసం విన్నందుకు శిక్ష పడింది వినేవాళ్లకే. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. ఎదురు మాట్లాడదలచుకున్నవాడికి ప్రభుత్వమే అండ. స్వదేశీ కొనండి, జాతీయ విద్యాలయాలు పెట్టండి అని చేయాల్సిన పనులు పేరుపెట్టి చెప్పారు, వాటిని ఎవరైనా పరీక్షించొచ్చు, కాదనొచ్చు.

అమ్మాయి దీనితో సగమే ఒప్పుకుంది. "అధికారం లేనివాడు కూడా ద్వేషం చెప్పొచ్చు కదా, హిట్లర్ 1920లో అధికారంలో లేడు కదా" అంది. అవును. అందుకే ఎదుటివాడికి జవాబు చెప్పే వీలుందా అన్న ప్రశ్న పక్కనే, ఎవరిని మనుషుల్లోంచి తీసేస్తున్నాడు అన్న ప్రశ్న కూడా రాయించాను. ఈ రెండూ తనే బోర్డు మీద రాసింది.

ఏం తేలింది, ఏం మార్చాలి

సెమిస్టర్ చివర్లో పాత ప్రశ్నే ఇచ్చాను: హిట్లర్ అధికారంలోకి రావడంలో ఉపన్యాసాల పాత్ర. జవాబుల్లో ఉపన్యాసం ఉంది, దానితో పాటు హిండెన్‌బర్గ్, పాపెన్ పేర్లు, ఫిబ్రవరి 4, 28 తేదీలు వచ్చాయి. 1932 నవంబర్ ఓట్ల తగ్గుదల చాలామంది రాశారు. ద్రవ్యోల్బణాన్ని నేరుగా 1933కి ముడిపెట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. స్కూలు నుంచి పాతుకుపోయింది ఒక్క సెమిస్టర్లో పోదు.

అనుకరించిన అబ్బాయి తన జవాబులో గొంతుకి నేనిచ్చినదానికన్నా ఎక్కువ స్థానం ఇచ్చాడు, కారణాలతో. నాజీ పార్టీలో హిట్లర్‌కి పోటీ లేకుండా పోయింది 1921లో, అది గొంతు వల్లే, జనాన్ని తెచ్చేది అతనొక్కడే కాబట్టి మిగతావాళ్లు తలవంచారు అని రాశాడు. దేశాన్ని గెలవడానికి గొంతు చాలలేదు, పార్టీని గెలవడానికి చాలింది. ఇది నేను క్లాసులో చెప్పింది కాదు, అతను సొంతంగా చదివి పట్టుకున్నది. వచ్చే ఏడాది పాఠంలో 1921ని కూడా తాడు మీదికి ఎక్కిస్తున్నాను.

ఈ క్లాసు చేయదలచిన టీచర్లకి పని మాటలు రెండు మూడు. రికార్డు వినిపించే ముందే ఓట్ల అంకెలు బోర్డు మీద ఉండాలి, లేకపోతే గొంతు మాత్రమే గుర్తుండిపోతుంది. రికార్డు పూర్తిగా వినిపించొద్దు, గీత గీయడానికి పది నిమిషాలు చాలు. రీల్స్ చూపించాల్సి వస్తే వెనక మ్యూజిక్ తీసేసి చూపించండి. పాఠం అనువాదం పిల్లల చేతే చేయించండి, నెమ్మదిగా సాగినా సరే, ఎందుకంటే ఖాళీ వాక్యం ఖాళీగా ఉందని అనువదించేవాడికే ముందు తెలుస్తుంది. ఓటో వెల్స్ ఉపన్యాసాన్ని వదిలేయొద్దు. స్కూలు పిల్లలకైతే తేదీలు ఆరు చాలు: జనవరి 30, ఫిబ్రవరి 4, 10, 28, మార్చి 5, 23. అట్టలు పెద్దవిగా కోయండి, వెనక బెంచీకి కనపడేలా.